లియో ఫెండర్

వాద్యమును వాయింప నేర్చినవాడే దానిని చక్కగా నిర్మింపగలడని జనులు తలతురు. చాలవఱకు ఇది నిజమే. కాని ఇరువదవ శతాబ్దమున దేశదేశముల సంగీతమును మార్చిన విద్యుద్గిటారులను నిర్మించిన లియో ఫెండర్ గిటారు వాయించుట ఎన్నడును నేర్చుకొనలేదు. ఆతడు రేడియోలను మరమ్మతు చేసి జీవించినవాడు. అంతకు ముందు లెక్కలు వ్రాయు గుమాస్తా. అట్టి సామాన్యుడు సంగీతజ్ఞుల మాటలను శ్రద్ధతో ఆలకించి, తాను చేసిన వస్తువును తానే మరల విప్పి, అందలి లోపమును కనుగొని సరిదిద్దుచు, ఎనుబది యేండ్లు దాటిన పిమ్మట కూడ పాటుపడెను.

క్లారెన్స్ లియోనిడాస్ ఫెండర్ 1909వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన అమెరికా దేశమునందలి కాలిఫోర్నియా రాష్ట్రమున జన్మించెను. ఆతనిని అందఱును లియో అని పిలుచుచుండిరి. ఆతని తల్లిదండ్రులు కృషీవలులు. ఆనహైము, ఫులర్టన్ అను పట్టణముల పొలిమేరలలో వారికి నారింజతోట యుండెను. తోటపనులు చూచుచు బాలుడు పెరిగెను. ఆతనికి ఎనిమిదవ యేట ఎడమకంటిలో కంతి పుట్టగా వైద్యులు ఆ కంటిని తొలగించిరి. నాటినుండి ఆతడు గాజుకన్ను ధరించి, ఒంటికంటి చూపుతోనే జీవితమంతయు గడపెను. వెండ్రుకకంటె సన్నని రాగితీగలతో పని చేయవలసినవానికి ఇది చిన్న కొఱత కాదు. అయినను ఆతని పనికి అది ఎన్నడును అడ్డము కాలేదు.

లియోకు పదుమూడు పదునాలుగేండ్ల వయస్సున మేనమామ యొకడు మోటారుకారు రేడియోల విడిభాగములను ఒక పెట్టెలో పెట్టి పంపెను. ఆ మేనమామకు శాంటా మరియా పట్టణమున కార్ల విద్యుత్పరికరములను బాగుచేయు దుకాణము కలదు. మఱుసటి యేడు లియో అచటికి పోయెను. మేనమామ విడిభాగములతో తానే కూర్చిన రేడియో దుకాణము ముందు మ్రోగుచుండెను. దాని బిగ్గఱ ధ్వని బాలుని హృదయమున నాటుకొనెను. ఆనాటినుండి రేడియోలను విప్పుటయు, కూర్చుటయు, స్నేహితుల రేడియోలను బాగుచేయుటయు ఆతనికి వ్యసనమయ్యెను.

1928లో ఆతడు ఉన్నత పాఠశాల చదువు ముగించి, ఫులర్టన్ జూనియర్ కళాశాలలో చేరెను. అచట చదివినది గణకశాస్త్రము. విద్యుచ్ఛాస్త్రమును ఏ పాఠశాలయందును అభ్యసింపలేదు. ఆ విద్యను గ్రంథములు చూచియు, చేతులతో పని చేసియు తనంత తానే సంపాదించెను. చదువు ముగిసిన పిమ్మట మంచుగడ్డల వ్యాపారసంస్థలో సరకు చేరవేయువాడుగా కుదిరి, తరువాత అచటనే లెక్కలు వ్రాయసాగెను. ఆ దినములలో ఒక వాద్యబృందమునకు నాయకుడైనవాడు సభలయందు ధ్వనిని పెంచు యంత్రము కావలెనని కోరగా, లియో అట్టి యంత్రములను ఆఱింటిని చేసి యిచ్చెను.

1934లో ఆతనికి ఎస్తర్ అను యువతితో వివాహమయ్యెను. అవి అమెరికా దేశమున ఆర్థికమాంద్యము ప్రబలిన దినములు. లియో రాష్ట్రప్రభుత్వ రహదారిశాఖలో గణకుడుగా చేరెను. ఆ యుద్యోగము పోయెను. టైర్ల వ్యాపారసంస్థలో చేరెను. ఆఱు నెలలకే అదియును పోయెను. ఇట్లు రెండుమాఱులు జీవనాధారమును కోల్పోయినవాడు నిరాశపడుట సహజము. కాని లియో తనకు తెలిసిన పనినే నమ్ముకొనెను. 1938లో ఆఱు వందల డాలర్లు అప్పు తెచ్చి, ఫులర్టన్ పట్టణమునకు మరలివచ్చి, ఫెండర్ రేడియో సర్వీసు అను మరమ్మతు దుకాణమును తెఱచెను.

దుకాణమునకు రేడియోలతో పాటు గ్రామఫోనులు, సభలలో వాడు ధ్వనియంత్రములు, వాద్యములు సైతము మరమ్మతునకు వచ్చుచుండెను. వానిని తెచ్చిన సంగీతజ్ఞులతో లియో ఓపికగా మాటలాడి, వారి కష్టములను అడిగి తెలిసికొనుచుండెను. ఏ భాగము తఱచుగా చెడుచున్నది? దానిని తీసి వేఱొకటి పెట్టుటకు ఎంతసేపు పట్టుచున్నది? మరమ్మతు చేయువానికి నిత్యము ఎదురగు ప్రశ్నలివి. ఆతడు తరువాత చేసిన వాద్యములన్నిటికిని ఈ ప్రశ్నలే పునాదులయ్యెను.

ఈ చరిత్రమును గ్రహించుటకు పికప్ అను చిన్న పరికరమును గూర్చి తెలిసికొనవలెను. వీణకు కుండ కలదు; తీగె కంపించినపుడు కుండయు, అందలి గాలియు కంపించి నాదమును పెంచును. గట్టి కొయ్యపలకతో చేసిన విద్యుద్గిటారునకు అట్టి బోలుకుండ లేదు. దాని తీగెల నాదము దగ్గఱనున్నవానికే వినబడును. అందుచేత తీగెల క్రింద పికప్‌ను అమర్తురు. అందు అయస్కాంతపు కడ్డీలుండును. వాని చుట్టును సన్నని రాగితీగను వేలకొలది చుట్లు చుట్టుదురు. ఉక్కుతీగె కంపించినపుడు అయస్కాంతక్షేత్రము కదలును. ఆ కదలికవలన రాగిచుట్టలో స్వల్పమైన విద్యుత్తు పుట్టును. ఈ సూత్రమును 1831లో ఇంగ్లాండునందు మైకేల్ ఫారడే కనుగొనెను. ఆ స్వల్పవిద్యుత్తును యాంప్లిఫయరు అను యంత్రము పెద్దదిగా చేసి స్పీకరునకు పంపగా, గొప్ప ధ్వని వెలువడును. కాబట్టి విద్యుద్వాద్యమునకు పికప్పే గొంతుక. చుట్లు పెంచినను తగ్గించినను, అయస్కాంతమును మార్చినను, పికప్‌ను ముందునకు వెనుకకు జరిపినను గొంతు మాఱును. తీగెలు ఆనుకొను గుఱ్ఱమునకు దగ్గఱగా పెట్టినచో స్వరము పదునుగా పలుకును. దూరముగా పెట్టినచో గుండ్రముగా, మెత్తగా పలుకును.

రెండవ ప్రపంచయుద్ధకాలమున లియో డాక్ కాఫ్మన్ అను వాద్యకారునితో స్నేహము చేసెను. వారిరువురును పికప్‌లను పరీక్షించుటకై 1943లో ఒక మోటు కొయ్యగిటారును తయారుచేసిరి. అది అమ్మకమునకు చేసినది కాదు. అయినను ఆ చుట్టుపట్ల వాద్యకారులు దాని స్పష్టమైన స్వరమును విని ముచ్చటపడి, కచేరీలకు అరువడిగి కొనిపోవుచుండిరి. 1944లో లియో తన పికప్‌నకు పేటెంటు కోరుచు దరఖాస్తు చేసెను. 1948లో అది లభించెను. కాఫ్మన్‌తో కలసి స్థాపించిన సంస్థ 1946లోనే ముగిసెను. వ్యాపారమునందలి అపాయములకు జంకి కాఫ్మన్ వైదొలగగా, లియో ఒంటరిగా ఫెండర్ వాద్యసంస్థను స్థాపించెను. 1948లో జార్జి ఫులర్టన్ అను యువకుడు ఆతనికి సహాయుడుగా చేరెను.

1950లో వారు గట్టిపలకతో చేసిన గిటారును విక్రయింపసాగిరి. దానికే 1951లో టెలికాస్టర్ అను పేరు స్థిరపడెను. అంతకు ముందు గిటారు దండిని వడ్రంగులు జిగురుతో మొండెమునకు అతికించుచుండిరి. దండి వంగినచో బాగుచేయుట కష్టము. లియో దండిని నాలుగు మరమేకులతో బిగించెను. చెడినదానిని తీసి క్రొత్తదానిని అమర్చుట కొద్ది నిమిషముల పని. పికప్‌లను సైతము మరమేకులతోనే బిగించెను. ఇది వాద్యమా, పలకకు మేకులు కొట్టిన పనిముట్టా యని కొందఱు పరిహసించిరి. లియో ఆ మాటలను లెక్కచేయలేదు. చెడని వస్తువు లోకమున లేదనియు, చెడినపుడు సులభముగా బాగుపడునట్లు చేయుటయే నిర్మాత ధర్మమనియు ఆతని నమ్మకము.

ఆ కాలమున వాద్యబృందములలో మిక్కిలి కష్టపడువాడు మంద్రస్వరములు పలికించువాడు. ఆతని వాద్యము డబుల్ బేస్. అది మనుష్యునికంటె పొడవైనది. దానిని కారులో కొనిపోవుట ప్రయాస. కచేరీలో దాని నాదము ఢక్కలకును బాకాలకును లోబడి వినబడకపోవును. దాని దండికి మెట్లు లేవు గనుక వ్రేలు కొంచెము తప్పినచో శ్రుతి తప్పును. సంగీతమునకు ఆధారమైన మంద్రనాదమే వినబడనిచో, పునాది కనబడని యింటివలె నుండును. గిటారు వాయించువారు సైతము అవసరమైనపుడు ఆ భారమైన వాద్యమును పట్టవలసి వచ్చుచుండెను. వీరి కష్టములను విని లియో ఆలోచించెను.

ఆ యాలోచనకు ఫలముగా 1951లో ప్రెసిషన్ బేస్ అను వాద్యము పుట్టెను. అది గిటారువలె అడ్డముగా మెడకు తగిలించుకొని వాయింపదగినది. దానికి నాలుగు తీగెలు. తీగె కంపించు భాగము పొడవు 34 అంగుళములు. దండిపై ఇరువది మెట్లు కలవు. మెట్టు వెనుక వ్రేలు నొక్కినచో స్వరము కచ్చితముగా పలుకును. ప్రెసిషన్ అను మాటకు కచ్చితత్వమనియే అర్థము. దాని పికప్ మిక్కిలి నిరాడంబరమైనది. ఒకే రాగిచుట్ట, తీగెకొక అయస్కాంతపు కడ్డీ చొప్పున నాలుగు కడ్డీలు. 1952లో లియో ఈ వాద్యమునకు తగిన బేస్‌మన్ అను యాంప్లిఫయరును కూడ నిర్మించెను. ఆ ప్రాంతముననే లయొనెల్ హాంప్టన్ జాజ్ బృందమున మాంక్ మాంట్గొమరీ ఈ వాద్యమును చేపట్టి ఊరూర వినిపించెను. బృందము వెనుక నిలిచి వినబడక పోయినవాని స్వరము నాటినుండి సభ చివరి వరుస వఱకు వినబడసాగెను.

మఱియొకడైనచో ఇంతటితో తృప్తిపడియుండును. లియో తన వాద్యములను వాద్యకారులకిచ్చి, వారు వాయించుచుండగా చూచి, లోపములేవి యని అడుగుచుండెను. బేస్ పికప్‌నందు రెండు చిక్కులుండెను. మొదటిది: ప్రతి తీగెకు సరిగా క్రింద ఒకే అయస్కాంతపు కడ్డీ యుండుటచే, తీగెను మీటిన క్షణమున విద్యుత్తు ఒక్కసారిగా ఎగసి, స్వరము దెబ్బ కొట్టినట్లు వెలువడుచుండెను. ఆనాటి స్పీకర్లు ఆ దెబ్బకు తాళజాలకుండెను. రెండవది: రాగిచుట్ట తీగె కంపనమునే గాక, చుట్టుపట్లనున్న విద్యుద్దీపములనుండియు యంత్రములనుండియు వెలువడు అలజడిని సైతము గ్రహించును. అమెరికాలో విద్యుత్తు క్షణమునకు 60 మాఱులు దిశ మార్చుకొని మరలివచ్చును. ఆ కారణమున స్పీకరునందు తుమ్మెద రొదవంటి ధ్వని ఎడతెగక వినబడును. బేస్ వాద్యపు క్రింది తీగె క్షణమునకు సుమారు 41 మాఱులు కంపించును. ఆ మంద్రస్వరములకు సమీపమున నుండుటచే ఈ రొద మఱింత బాధించును.

1957లో లియో ఈ రెండు చిక్కులకును ఒకే పరిష్కారమును చూపెను. ఆతడు పికప్‌ను రెండు ముక్కలు చేసెను. ఒక ముక్క లావుతీగెలు రెండింటి క్రిందను, రెండవది సన్నతీగెలు రెండింటి క్రిందను ఉండును. రెండును ఒకే వరుసలో గాక ముందు వెనుకలుగా అమరును. తీగెకొక కడ్డీకి బదులు రెండేసి కడ్డీలు పెట్టి, తీగె వాని నడుమ కంపించునట్లు చేసెను. అందువలన మీటిన క్షణపు దెబ్బ మెత్తబడి, స్వరము నిండుగా వెలువడెను. రెండు ముక్కలలోని రాగితీగల చుట్టు దిశను ఒకదానికొకటి వ్యతిరేకముగా చేసెను. అయస్కాంతముల ధ్రువములను కూడ తలక్రిందులు చేసెను. వెలుపలి రొద అయస్కాంతమును లెక్కింపదు. అది రెండు చుట్టలయందును ప్రవేశించి, చుట్టు దిశలు వ్యతిరేకముగా నుండుటచే ఒకదానినొకటి హరించుకొనును. తీగెల నాదమన్ననో, చుట్టు దిశతో పాటు ధ్రువము కూడ మాఱియుండుటచే, రెండు ముక్కలనుండియు ఒకే తీరున వెలువడును. ఈ విధముగా రొద నశించి నాదము నిలిచెను. అదే కాలమున గిబ్సన్ అను మఱియొక సంస్థలో సేత్ లవర్ అను శిల్పియు ఇట్టి సూత్రముతోనే గిటారు పికప్‌ను నిర్మించెను. లియో చేసిన రెండు ముక్కల పికప్‌నకు 1961లో పేటెంటు లభించెను. నేటికిని ప్రెసిషన్ బేస్ అనగానే కంటికి కనబడునది ఆ పికప్పే.

1960లో ఆతడు జాజ్ బేస్ అను రెండవ వాద్యమును చేసెను. దీని దండి పైభాగమున సన్నమైనది, చేతికి సులువు. దీనికి రెండు పూర్తి పికప్‌లు కలవు: ఒకటి గుఱ్ఱమునకు దగ్గఱగా, ఒకటి దూరముగా. వాద్యకారుడు ఒకదానిని పెంచి రెండవదానిని తగ్గించి తనకు నచ్చిన స్వరమును కూర్చుకొనవచ్చును. రెండింటిని సమానముగా పెంచినచో రొద అణగును. ఒకదానిని మాత్రమే ఉంచినచో మరల వినబడును. డెట్రాయిట్ నగరమున జేమ్స్ జేమర్సన్ 1962నాటి ప్రెసిషన్ బేసుతో మోటౌన్ సంస్థ గీతములకు ప్రాణము పోసెను. 1970 తరువాతి సంవత్సరములలో జాకో పస్టోరియస్ మెట్లు తీసివేసిన జాజ్ బేసుతో అపూర్వమైన నాదమును సాధించెను. ఒకే కార్ఖానా వాద్యములు ఇరువురి చేతులలో రెండు భిన్నమైన గొంతులతో పలికెను.

ఇంత కీర్తి లభించుచుండగా లియో శరీరము వ్యాధిగ్రస్తమయ్యెను. ముక్కు లోపలి కుహరములకు సోకిన రోగము సంవత్సరముల తరబడి ఆతనిని పీడించెను. తాను ఎక్కువకాలము బ్రదుకననియు, తన పిమ్మట పనివారికి దిక్కెవ్వరనియు ఆతడు చింతించెను. 1965 జనవరిలో తన సంస్థను సి.బి.ఎస్. అను పెద్ద సంస్థకు ఒక కోటి ముప్పది లక్షల డాలర్లకు విక్రయించెను. పదేండ్ల వఱకు పోటీవ్యాపారము చేయరాదని ఒప్పందము. తన పేరు పెట్టిన కార్ఖానా పరులదయ్యెను. అందలి వాద్యములలో ఏ మార్పు చేయవలెనో నిర్ణయించు అధికారము ఆతనికి లేకపోయెను. ఇంతలో 1968 ప్రాంతమున మఱియొక వైద్యుడు ఆ రోగమును నయముచేసెను. ఆరోగ్యము మరలివచ్చెను గాని కార్ఖానా మరలి రాలేదు.

ఏబదితొమ్మిది యేండ్ల వయస్సున, కావలసినంత ధనముతో, ఆతడు సుఖముగా విశ్రమింపవచ్చును. అయినను ఆతనికి పనియే విశ్రాంతి. ఒప్పందపు గడువు తీరగానే 1975లో మ్యూజిక్ మ్యాన్ అను సంస్థకు అధ్యక్షుడయ్యెను. 1976లో ఆ సంస్థ స్టింగ్‌రే అను బేస్ గిటారును వెలువరించెను. దానికి లావైన ఎనిమిది కడ్డీలుగల ఒకే పెద్ద పికప్. వాద్యము లోపలనే బ్యాటరీతో పనిచేయు చిన్న వర్ధకమును అమర్చిరి. పొడవైన వైరు గుండ పోవునపుడు స్వరమునందలి పదును కొంత నశించుట సహజము. లోపలి వర్ధకము ఆ నష్టమును నివారించెను. ఇరువదియైదేండ్ల క్రిందట తాను చేసిన ఒంటిచుట్ట పికప్‌ను విడిచి, లియో ఎంతో దూరము నడచివచ్చెను.

ఇదే కాలమున లోకమున ఒక వింత జరిగెను. లియో లోపమని విడిచిన 1951నాటి స్వరమునే కొందఱు వాద్యకారులు కోరసాగిరి. 1968లో సి.బి.ఎస్. వారు ఒంటిచుట్టగల ఆ పాత వాద్యమును టెలికాస్టర్ బేస్ అను పేరుతో మరల వెలువరించిరి. 1970 తరువాత డిమార్జియో, సీమోర్ డంకన్ మొదలగు సంస్థలు విడిపికప్‌లను తయారుచేసి అమ్మసాగెను. పాత మాదిరి బేస్ గిటారును కొన్నవాడు దాని పికప్‌ను తీసి మఱియొకటి పెట్టుకొనుట వాడుకయయ్యెను.

ఈ మార్పు సాధ్యమగుటకు మూలము లియో యొక్క మరమ్మతు బుద్ధియే. తీగెలను వదులు చేసి, మరమేకులు విప్పి, పైరేకును ఎత్తినచో లోపలి అమరిక యంతయు కనబడును. పికప్‌నుండి వచ్చు రెండు వైర్ల టంకమును కరగించి విడదీసి, క్రొత్తదాని వైర్లను ఆ చోటనే టంకముతో అతికినచో పని ముగియును. అయితే ఇందును శాస్త్రము తెలియవలెను. జాజ్ బేసునందు ఒక పికప్‌ను మాత్రమే మార్చినచో, క్రొత్తదాని చుట్టు దిశయు ధ్రువమును రెండవదానితో పొసగవలెను. పొసగనిచో రెండింటిని కలిపినపుడు మంద్రస్వరము పలుచబడును. లేదా అణగిన రొద మరల తలయెత్తును. పికప్‌ను తీగెలకు మిక్కిలి దగ్గఱగా ఎత్తినచో అయస్కాంతము తీగెలను లాగి వాని కంపనమును చెఱచును. తెలిసినవారు తీసిన పాతభాగమును పాఱవేయక భద్రపఱతురు. క్రొత్తది నచ్చనిచో మరల దానినే అమర్చుకొనవచ్చును. విప్పినదానిని తిరిగి కూర్చుటకు వీలుండుటయే లియో నిర్మాణమునందలి గొప్పతనము.

పాత స్వరమును కోరువారు కోరుచుండగా లియో వెనుకకు చూడలేదు. 1979లో ఆతని భార్య ఎస్తర్ మరణించెను. ఆ దుఃఖమును దిగమ్రింగి, జార్జి ఫులర్టన్, డేల్ హయట్ అను పాత సహచరులతో కలసి జి అండ్ ఎల్ అను నూతన సంస్థను స్థాపించెను. 1980లో వెలువడిన ఆ సంస్థ బేస్ వాద్యములకు ఆతడు క్రొత్త పికప్‌ను రూపొందించెను. వెనుకటి పికప్‌లలో కడ్డీలే అయస్కాంతములు. వాని ఎత్తు మార్చుటకు వీలులేదు. ఒక తీగె మెల్లగా పలికినచో వాద్యకారుడు చేయగలిగినది తక్కువ. క్రొత్తదానియందు అయస్కాంతపు పలకను అడుగున ఉంచి, కడ్డీలను మెత్తని ఇనుముతో, మరలుగల మేకులవలె చేసెను. చిన్న తాళపుచెవివంటి పనిముట్టుతో ఏ తీగె క్రింది కడ్డీనైనను ఎత్తవచ్చును, దించవచ్చును. ఎల్-2000 అను వాద్యమున చిన్న మీటలను అమర్చి, చుట్టల కలయికను వాయించువాడే మార్చుకొను ఏర్పాటు చేసెను. తాను చేసినవానిలో ఇవియే ఉత్తమమైనవని ఆతని దృఢాభిప్రాయము. లోకము ఆతని పాత వాద్యములను ఎక్కువ ధరకు కొనుచుండెను; ఆతడు మాత్రము రాబోవు వాద్యమును గూర్చియే ఆలోచించుచుండెను.

1980లో ఆతడు ఫిలిస్ అను స్త్రీని వివాహమాడెను. తరువాత పార్కిన్సన్ వ్యాధి ఆతనిని ఆవరించెను. చేతులు వణకుచున్నను, వినికిడి తగ్గినను ఆతడు కార్ఖానాకు పోవుట మానలేదు. 1991వ సంవత్సరము మార్చి 21వ తేదీన తన ఎనుబదియొకటవ యేట పరమపదించెను. మఱుసటి సంవత్సరమే రాక్ సంగీతమున ప్రసిద్ధులైనవారిని గౌరవించు కీర్తిశాలయందు ఆతని పేరు చేర్చిరి. పాట పాడనివానికి, గిటారు వాయింపనివానికి గాయకుల నడుమ స్థానము లభించుట గొప్ప విశేషము.

లియో ఫెండర్ పండితుల యింట పుట్టలేదు. విద్యుచ్ఛాస్త్రమున పట్టములు పొందలేదు. తనకు తెలియనిదానిని వాద్యకారులనుండి వినయముతో నేర్చుకొనెను. 1951లో చేసినదానిని 1957లో తానే మార్చెను. దానిని 1976లో విడిచి వేఱొకటి చేసెను. 1980లో మరల మొదటినుండి ఆరంభించెను. తన పనియందలి లోపమును ఇతరులు చూపినపుడు కోపింపక, స్క్రూడ్రైవరు చేత పట్టుకొని దానిని విప్పి చూచెను. ఆతడు మరణించిన పిమ్మటను లోకమున అనేకులు ఆతని వాద్యములను విప్పుచున్నారు, మార్చుచున్నారు, తమ మనస్సునకు నచ్చిన స్వరమును వెదకుకొనుచున్నారు. తన నిర్మాణమును పరులు మార్చుటకు వీలుగా తలుపు తెఱచి ఉంచిన శిల్పులు అరుదు. ఆ ఔదార్యమువలననే ఆతని పని ఆతనితో ముగియక, క్రొత్తచేతులలో నేటికిని కొనసాగుచున్నది.